కనుమ మీద దాలమ్మ బుట్ట

మూడు వెదురు బొంగులు, ఒక కత్తి. మేదర దాలమ్మకు మొదట ఉన్న ఆస్తి అంతే. అనగా అనగా, కొండల్లో దారులు ఇంకా కొత్తగా పడుతున్న రోజుల్లో, ఒక కనుమ కింద ఆమె బుట్టలు అల్లుకుని బతికేది.

ఆ కనుమ ఎక్కితే, దారిన పోయేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసే ఠాణా. ఠాణాలో సుంకరి జగ్గరాయుడు. ఉప్పు మోసేవాడు వస్తే ఉప్పు లాక్కునేవాడు. బెల్లం మోసేవాడు వస్తే బెల్లం లాక్కునేవాడు. ఏమీ మోయనివాడు వస్తే తన్ని పంపేవాడు. తన్నులు తిన్నవాడు దుమ్ము దులుపుకుని, "నా రాత ఇంతే" అనుకుని, నోరు మూసుకుని దిగిపోయేవాడు. దాలమ్మ మొగుడూ అలాగే దిగొచ్చాడు, విరిగిన పక్కటెముకలతో. "నా రాత ఇంతేనే" అంటూనే పోయాడు.

దాలమ్మ ఏడవలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఇంతమందికి ఒకే రాతేటి? అది రాత కాదు, ఆడి కర్ర!" అంది.

ఆ బొంగులు చీల్చి మూతబుట్ట అల్లింది. కనుమ సగంలో, ఊట పక్కన, అడవిమామిడి కొమ్మకు కట్టింది. అందులో తాటాకులు పెట్టింది. రాయడానికి ఒక ఇనప గంటం దారంతో వేలాడదీసింది. వచ్చేపోయే వాళ్లతో, "మీకేటైందో రాసి ఎల్లండి. ముందోడు రాసింది సదివి ఎల్లండి" అని చెప్పింది. రాయడం రానివాళ్లకు అది తెలిసినవాళ్లు రాసిపెట్టారు.

మొదట్లో ఏవేవో రాసేవారు. ఒకడు కాలి బొబ్బల గురించి రాశాడు. అత్తారింటికి పోతున్న ఒక పిల్ల, వెనక్కి తిరిగితే తన ఊరి పొగ ఇంకా కనిపిస్తోందని రాసింది. తర్వాత ఒక ఉప్పువాడు ఠాణా సంగతి రాశాడు. దాని కింద బెల్లంవాడు, "నాకూ అంతే." దాని కింద ఇంకొకడు, "నాకూ అంతే." అవి చదివిన మనిషి ఒంటరిగా పైకి ఎక్కలేదు. తోడు కోసం ఊట దగ్గరే ఆగాడు.

జనం గుంపులుగా రావడం చూసి జగ్గరాయుడు ఆరా తీశాడు. బుట్టను లోయలోకి విసిరేశాడు. దాలమ్మ మళ్లీ అల్లింది. తగలబెట్టాడు. మళ్లీ అల్లింది. మూడోసారి బుర్రకు పని పెట్టాడు. "రాసేవాడు కింద పేరు రాయాలి. పేరు లేని ఆకు దొరికితే దారే మూసేస్తా" అని దండోరా వేయించాడు.

జనం జంకారు. గంటం ఊరికే గాలికి ఊగింది. దాలమ్మ ఊట దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లందరినీ తిట్టింది.

"పేరుకేనా బయం? నా పేరెట్టండిరా! మొగుడు పోయినదాన్ని, నాకేటి పోద్ది?"

పెట్టారు. ప్రతి ఆకు కిందా దాలమ్మే.

జగ్గరాయుడు ఆమెను ఠాణాకు ఈడ్పించాడు.

"ఏమే, ఇవన్నీ నువ్వే రాశావా?"

"నానే బాబూ."

"నీకు అక్షరం ముక్క రాదు కదే!"

"కోపమొస్తే అచ్చరాలూ ఒచ్చీసినాయి బాబూ."

"మీసం పట్టుకు లాగారని ఉంది ఇందులో. నీకు మీసముందా?"

"ఉండీది బాబూ. తవరే పీకీసినారు గదా!"

ఠాణా బంట్లు మొహం తిప్పుకుని నవ్వారు. ఆ నవ్వు సుంకరి ఓర్చుకోలేకపోయాడు. "రాసినవాళ్ల పేర్లు చెప్పు" అని కొట్టాడు. "దాలమ్మ" అంది. మళ్లీ కొట్టాడు. "దాలమ్మ" అంది. మూడోసారి కొట్టాక ఆమె ఏమీ అనలేదు. ఇంకెప్పుడూ అనలేదు.

పీడ వదిలిందనుకుని మర్నాడు బుట్ట తెరిచాడు. ఒకటే ఆకు ఉంది. "ఆమెను కదలకుండా పట్టుకున్న చేతులు నావి. కొట్టింది జగ్గరాయుడు. ఇట్లు, దాలమ్మ."

ఆమెను పట్టుకున్నది తన బంట్లే. రాసింది ఏ బంటు? ఒకణ్ణి తన్నాడు. ఇంకొకణ్ణి తరిమాడు. మిగిలినవాళ్లు చెప్పకుండా వెళ్లిపోయారు. కాపలా లేని ఠాణాను ఉప్పువాళ్లు, బెల్లంవాళ్లు కలిసి రాయి మీద రాయి లేకుండా కూల్చారు.

జగ్గరాయుడికి శిక్ష పడిందా అని అడగకండి. పడలేదు. ఇంకో కనుమకు పోయి అక్కడా సుంకరే అయ్యాడు, కడుపు నిండా తిని మంచం మీద పోయాడు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు ఇక్కడే పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

దాలమ్మ కనుమ ఎక్కేవాళ్లు ఇప్పటికీ ఊట దగ్గర ఆగుతారు. బుట్ట చివికితే ఎవరో ఒకరు కొత్తది కడతారు. ఎవరు రాసినా కింద దాలమ్మ అనే రాస్తారు. దెబ్బ తిన్నవాడెవడైనా తలొంచుకుని కూర్చుంటే, "బుట్ట చూసొచ్చావా?" అని అడుగుతారు.

మొన్న పక్క కనుమలో ఎవడో దారికి అడ్డంగా గొలుసు కట్టి, దాటేవాళ్ల మూటలు విప్పిస్తున్నాడట. అక్కడ ఇంకా బుట్ట లేదు.

రేపు పొద్దున్నే ఎక్కుతున్నాం.