గాజు తొట్టి ముందు భోజనం

దస్తగిరి మోటార్ల మెకానిక్. పనిచేయనిదాన్ని విప్పి చూడటం అతని వృత్తి. ప్రొద్దుటూరులో పాతికేళ్ళుగా అదే చేస్తున్నాడు. ఇంట్లో మాత్రం మూడు నెలలుగా ఒకటి నడవడం లేదు. దాన్ని ఎక్కడ విప్పాలో తెలియక గురువు దగ్గరికి వెళ్ళాడు.

గురువు హజ్రత్ లతీఫుల్లాకు డెబ్బై దాటాయి. దర్గా వెనక చిన్న ఇల్లు, దాని పక్కన అరెకరం వరిమడి. దస్తగిరి వెళ్ళేసరికి గట్టు మీద కూర్చుని కాళ్ళకంటిన బురద కడుక్కుంటున్నాడు.

“తాయెత్తు కావాలి హజ్రత్.”

“ఎవరికి?”

“అక్వేరియానికి.”

హజ్రత్ కాళ్ళు కడుక్కోవడం ఆపాడు. “చేపలకు దిష్టి తగిలిందా?”

“చేపలు ఇంకా వెయ్యలేదు. మొక్కలే బతకట్లేదు.”

విషయం మెల్లగా బయటపడింది. దస్తగిరి మూడు నెలల కిందట ఖాజాబీని నిఖా చేసుకున్నాడు. ఆమెకు మొదటి భర్త పోయాడు, తొమ్మిదేళ్ళ కూతురుంది. పేరు రమీజా. ఆ పిల్ల దస్తగిరి ఉన్నచోట నోరు విప్పదు. అతను అన్నం తిని లేచాకే కంచం ముందుకొస్తుంది. బడి దారిలో చేపల కొట్టు దగ్గర పిల్ల ఆగి చూస్తుందని ఖాజాబీ చెబితే, రెండడుగుల గాజు తొట్టి కొన్నాడు. అడుగున మట్టి పరిచాడు, పైన ఇసుక పోశాడు, వెనక నల్ల కాగితం అంటించాడు, నీటి మొక్కలు నాటాడు. నెలదాకా చేపలు వెయ్యొద్దని కొట్టువాడు చెప్పాడు. ఐదో రోజుకే ఆకులు కుళ్ళిపోయాయి.

“పండగ దాకా చూసి, పిల్లను రాయచోటిలో అమ్మమ్మ దగ్గర వదిలేద్దామంటోంది ఖాజాబీ,” అన్నాడు దస్తగిరి. “నా ఇంట్లో పిల్ల ఉండలేకపోయిందని రేపు నలుగురూ అంటారు. అనకపోయినా నాకు తెలుసు కదా.”

“శుక్రవారం భోజనానికి వస్తాను,” అన్నాడు హజ్రత్.

శుక్రవారం నమాజు అయ్యాక వచ్చాడు. వచ్చీ రాగానే దస్తగిరి తన చొక్కా చేయి పైకి మడిచి, నీళ్ళలో చెయ్యి పెట్టి, ఒక మొక్కను పీకి చూపించాడు. నాలుగు మెత్తబడిన ఆకులు, కింద తెల్లటి వేళ్ళు.

“చూడండి. మూడోసారి తెచ్చినవి. నీళ్ళన్నీ తోడి మార్చాను. రాళ్ళు బ్రష్షుతో తోమాను. రోజూ పొద్దున పీకి చూస్తూనే ఉన్నా.”

“రోజూనా?”

“పట్టుకుందో లేదో తెలియాలి కదా.”

హజ్రత్ ఆ మొక్కను తీసుకున్నాడు. ఖాజాబీని కత్తెర అడిగి కుళ్ళిన ఆకులు నాలుగూ కత్తిరించాడు. మిగిలిన మోడును మళ్ళీ ఇసుకలో గుచ్చి, చెయ్యి తుడుచుకున్నాడు.

“వరి నాటేసిన మడి ఎప్పుడైనా చూశావా?”

“చూశాను.”

“మొదటి వారం ఎలా ఉంటుంది?”

“ఎండిపోయినట్టు ఉంటుంది.”

ఖాజాబీ చాప పరిచి బగారా అన్నం, దాల్చా తెచ్చిపెట్టింది. రమీజా లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది.

“రామ్మా,” అన్నాడు దస్తగిరి. “ఇయ్యాల హజ్రత్ కూడా వచ్చారు. నాన్న పక్కన కూర్చో. ఒక్కసారి నాన్నా అను, వింటాం.”

పిల్ల గుమ్మం వెనక్కి తప్పుకుంది. ఖాజాబీ తల వంచుకుని గరిటె సర్దింది.

“రోజూ ఇదే హజ్రత్. రోజూ అడుగుతున్నా.”

హజ్రత్ తన కంచం తీసుకుని లేచాడు. గోడవారగా పొట్టి బల్ల మీదున్న తొట్టి ముందుకు వెళ్ళి, గదికి వీపు పెట్టి, నేలమీద కూర్చున్నాడు.

“నువ్వూ ఇటు తిరిగి కూర్చో.”

“అక్కడ మోళ్ళు తప్ప ఏముంది హజ్రత్?”

“అవే చూద్దాం. దాల్చా గిన్నె ఇటు తీసుకురాకు. అక్కడే ఉండనీ.”

దస్తగిరి కంచం పట్టుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ తినసాగారు. తొట్టిలో ఫిల్టరు నుంచి నీళ్ళు సన్నగా పడుతున్నాయి. హజ్రత్ మునక్కాయ ముక్కను తీరిగ్గా నమిలాడు. మరో ముద్ద కలుపుకున్నాడు.

కొంతసేపటికి వెనక చాప మీద స్టీలు కంచం చప్పుడైంది.

దస్తగిరి చెయ్యి ఆగింది. తొట్టి గాజులో, నల్ల కాగితం మీద గది నీడ తేలుతోంది. ఆ నీడలో ఖాజాబీ ఉంది. ఆమెను ఆనుకుని చిన్న ఆకారం ఇంకొకటి.

“అమ్మా,” అంది ఒక గొంతు. “ఇంకాస్త దాల్చా వెయ్యి.”

మూడు నెలల్లో దస్తగిరి ఆ గొంతు వినడం అదే మొదలు. అనుకున్నదానికంటే కాస్త బొంగురుగా ఉంది. అతని భుజం వెనక్కి తిరగబోయింది.

హజ్రత్ ఎడమ చెయ్యి వచ్చి అతని మోకాలి మీద ఆనింది. బరువుగా ఏమీ లేదు.

“అన్నం చల్లారుతుంది,” అన్నాడు హజ్రత్.

దస్తగిరి తిరగలేదు. కళ్ళు తుడుచుకోవాలనిపించినా చేతికి అన్నం ఉంది. అలాగే ముద్ద కలుపుకున్నాడు.