గోడలో మొలిచిన రావి మొక్క

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక పాడుబడ్డ పట్నం. ఇళ్లన్నీ ఎప్పుడో పోయాయి. చుట్టూ ఉన్న రాతిగోడ మాత్రం మిగిలింది. ఆ గోడ సందులో ఒక ముంగిస తన మూడు పిల్లలతో కాపురముండేది.

ఒకరోజు మనుషులొచ్చి గోడ ముందు బోర్డు పాతి వెళ్లారు. బడి కిటికీలో కూర్చుని చదువు నేర్చుకున్న కాకి దాన్ని చదివింది. "ఇది మన పూర్వీకుల గోడ. దీన్ని కాపాడాలి. ఎవరూ ముట్టుకోకూడదు."

తొండ వెంటనే బోర్డెక్కి కూర్చుంది. "ఇకనుంచి కాపలా నేనే!" అని తల ఊపింది. దాన్ని కాపలాకి ఎవరు పెట్టారంటారా? ఎవరూ పెట్టలేదు.

కొన్నాళ్లకి ముంగిస గూటి పైన, రాళ్ల మధ్య, ఒక రావి మొక్క మొలిచింది. వేరు దారంలా సన్నగా ఉంది. ముంగిస దాన్ని పీకబోయింది.

"ఆగు వదినా! ముట్టుకోకూడదని రాసుంది కదా!" అని తొండ అరిచింది.

"కాపాడాలని కూడా రాసుంది కదా మరిదీ! వేరు బలిస్తే రాళ్లు జారతాయి. కింద నా పిల్లలున్నారు" అంది ముంగిస.

తొండ బుర్ర గోక్కుంది. రెండూ రాసున్నాయి మరి!

ముంగిస గుడ్లగూబ తాతని అడిగింది. "ఇన్నాళ్లూ గోడే మనని కాపాడింది. ఇప్పుడు మనం దాన్ని కాపాడాలా? ఎవరినుంచి? నాకే తెలియట్లేదమ్మా" అని గుడ్లగూబ కళ్లు మూసుకుంది.

కాకిని అడిగితే "అమ్మో, రావి మొక్క పీకితే పాపం!" అంది. ఆ విత్తనం అక్కడ పడేసింది కాకే అని వేరే చెప్పాలా?

ముంగిసకి తల తిరిగిపోయింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకుంది.

వేరు తాడంత అయింది. తర్వాత ముంగిస తోకంత అయింది. అప్పుడిక పీకినా రాలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున రాళ్లు కదిలాయి. ముంగిస ఒక పిల్లని నోట కరుచుకుని బయటికి తెచ్చింది. రెండోదాన్నీ తెచ్చింది. మూడోదాన్ని లాగుతుండగా గోడ దబ్బున కూలింది. పిల్ల బతికింది గానీ దాని కాలు రాయి కింద నలిగిపోయింది. తల్లి గుండె చెరువైంది.

"నేను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదే! మరి ఎలా పడింది?" అని తొండ కనిపించినవాళ్లనల్లా అడిగింది.

నిలిచిన గోడలో ఇంకోచోట రెండాకుల రావి మొక్క కనిపించింది. ముంగిస తిన్నగా అక్కడికి వెళ్లింది. తొండ అడ్డం నిలబడింది.

"వదినా, తప్పేమో..."

"తప్పైతే నాదే. పక్కకి జరుగు."

తొండ బోర్డు వైపు చూసింది. కుంటుతున్న పిల్ల వైపు చూసింది. దానికి ఇంకా ఏమీ అర్థం కాలేదు. అయినా పక్కకి జరిగింది.

నీతి: కాపాడటమంటే ముట్టుకోకుండా కూర్చోవటం కాదు, చెడకముందే చెయ్యి వెయ్యటం.