తుమ్ముకు నాటిన రాయి

ఒకానొక రాజ్యంలో జరిగిన కథ ఇది. ఆ రాజ్యం పేరు సింగరికోట అని నాకు గుర్తు. అయితే ఆ గుర్తు మీద నాకే పూర్తి నమ్మకం లేదు. ఒకసారి తలచుకుంటే అక్కడి రాజుగారి మీసం పైకి మెలితిరిగి ఉంటుంది, మరోసారి కిందికి వాలి ఉంటుంది. మీసం మాట ఎలా ఉన్నా, ఆయన పిచ్చి మాత్రం మరచిపోయేది కాదు.

మహోగ్ర మార్తాండ భూపతి అనే ఆ రాజుగారు తాము చేసిన ప్రతి పనీ చరిత్రేనని నమ్మేవారు. వేటలో వారి తలకు తగిలిన చింతకొమ్మ స్మారకం. వారు జారబోయి జారని రేవుమెట్టు స్మారకం. ప్రకటన వెలువడగానే అక్కడ శాసనపు రాయి నాటేవారు. ఆ స్మారకాన్ని ఎవరూ తాకకూడదు, దాని మీద కూర్చోకూడదు; రాయికి నూరు బారల లోపల తవ్వకూడదు, నిప్పు రాజేయకూడదు. చాకళ్ళు రేవు వదిలి ఊరికి అవతల బట్టలుతుక్కునేవారు.

ఇలాంటి ప్రకటనలకు పెద్దల సభ ఒప్పుకోవాలని పూర్వపు రాజులు కట్టడి చేసి పోయారు. కాలక్రమాన ఆ ఒప్పుకోలు పద్ధతి మరీ సులువైపోయింది. ప్రకటన వేళ కూర్చుని ఉన్నవాడు ఔనన్నట్టు. లేచి నిలబడినవాడు కాదన్నట్టు. బెత్తం పట్టిన భటుడొకడు సభను ఒక్కసారి కలయజూసి, "సభ సమ్మతి!" అని కేక పెడతాడు. సభికులందరూ ముదుసలులు. దూది బాలీసుల మీద ఒరిగిన ఆ పెద్దలు లేవరు. కాబట్టి భటుడికి రెండో మాట పలికే అవసరం ఎన్నడూ రాలేదు.

ఒకనాడు రాజుగారి పల్లకి కుమ్మరివీధి గుండా పోతూండగా వారికి గట్టిగా తుమ్ము వచ్చింది. ఆ వేళకు వీధిలో ఉన్న కుక్క ఒకటి పరుగెత్తింది. రాజుగారు దాన్ని విజయంగా భావించారు. మరునాడే అక్కడ రాయి లేచింది.

ఆ సాయంత్రం కుమ్మరి అంకాళమ్మ, సభలో చివరి వరుసలో కూర్చునే ఓబులయ్య ఇంటికి వచ్చింది.

"అయ్యా, కుండలు కాల్చే ఆవం పేర్చుకున్నాను. నిప్పు పెట్టనివ్వడం లేదు. తుమ్మినాయన వెళ్ళిపోయాడు. ఆ తుమ్ము ఏ పక్కన ఉందో చూపిస్తే, రెండో పక్కన కాల్చుకుంటాను."

"వానలు వెళ్ళేదాకా ఆగలేవా?"

"వానంటేనే గదయ్యా నా భయం! పడమట మబ్బు చూడండి. పచ్చికుండ మీద నాలుగు చినుకులు పడితే మళ్ళీ మన్నే. వేసవంతా తొక్కిన మన్ను."

ఓబులయ్య సభాపెద్ద సోమయాజి దగ్గరికి పోయాడు. సోమయాజి మోకాళ్ళకు ఆముదం రాసుకుంటున్నాడు.

"కాదనాలంటే లేచి నిలబడాలి నాయనా. ఈ మోకాళ్ళతోనా?"

ఓబులయ్య ఇంటిదారి పట్టాడు. అధర్మానికి ఒప్పుకునే మనిషి మనసులో ఎంత పాపం ఉంటుందో, మోకాళ్ళలో ఎంత నొప్పి ఉంటుందో తూచి చెప్పడం కష్టం అనుకున్నాడు. అలా అనుకుంటూనే దారి మధ్యలో టక్కున ఆగి, ఒక్కడే నవ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సభలో చేతులు జోడించాడు. "ప్రభూ! తమ తుమ్ముకు రాయి ఉంది. తమరు పడని చోటుకూ రాయి ఉంది. ఇన్ని ప్రకటనలకు పుట్టినిల్లయిన ఈ సింహాసనం మాత్రం దిక్కులేనిదై, నల్లులకు నిలయమై ఉంది. చూడలేకపోతున్నాను."

రాజుగారి కళ్ళు చెమర్చాయి. "నిజమే! ఈ క్షణం నుంచి సింహాసనం రక్షిత స్మారకం!"

అందరూ కూర్చునే ఉన్నారు. "సభ సమ్మతి!" అన్నాడు భటుడు.

రాజుగారు దిగారు. రాయి నాటారు. సింహాసనం చుట్టూ పట్టుతాడు కట్టారు. రాజుగారు దాన్ని మురిపెంగా చూస్తూ నిలబడిపోయారు. రాజు నిలబడ్డాక సభ కూర్చోవడమెలా? ముసలి పెద్దలందరూ మూలుగుతూ లేచారు.

"ఇప్పుడు మా స్నానపు గంగాళాన్ని స్మారకంగా..."

భటుడు సభను కలయజూశాడు. "సభ... అసమ్మతి!"

"ఏమిటీ? కూర్చోండి!"

"ప్రభువు నిలబడగా కూర్చున్నవాడి తల తీయమని తమ తాతగారి శాసనం" అన్నాడు సోమయాజి. "మోకాళ్ళు ఎలాగూ పోయాయి. తల కూడా ఎందుకు ప్రభూ?"

"ఆ శాసనం రద్దు!"

"సభ అసమ్మతి!"

"సింహాసనాన్ని విడిపించండి!"

"సభ అసమ్మతి!" భటుడికి ఈ కొత్త మాట రుచి మరిగింది.

రాజుగారు వేరే పీట తెమ్మందామనుకున్నారు. కొలువులో సింహాసనం ఉండగా మరో పీటెక్కిన రాజు రాజ్యం వదులుకున్నట్టేనని వంశాచారం. ఇంతలో వంటవాడు తొంగిచూశాడు.

"ఏలినవారికి ఫలహారం అటుకులు, మజ్జిగే. వంటశాల ఈ రాయికి నూరు బారల లోపలే ఉంది. పొయ్యి ఆర్పించేశారు."

రాజుగారు ఓబులయ్య వైపు తిరిగారు. "ఓబులా, ఇది నీ పన్నాగమేనా?"

ఓబులయ్య మెడ తడుముకున్నాడు. కిటికీలోంచి మబ్బు కనిపిస్తూంది. ఇక నిజం చెప్పక తప్పదు.

"నాదే ప్రభూ. సభను అడగమన్నదే అసలు కట్టడి. ఈ కూర్చోవడం, నిలబడడం తరవాత వచ్చిన బద్ధకం. ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగండి. ఆ చోటును ఎందుకు కాపాడాలో, కాపాడితే నష్టమెవరికో విని, నోటితో చెప్పనివ్వండి."

రాజుగారికి ఒప్పుకోవాలని లేదు. ఆకలి ఊరుకోలేదు. "సరే. సోమయాజిగారూ, సింహాసనం మాటేమిటి?"

"విడిపించండి ప్రభూ! ఆ చేత్తోనే తుమ్ము మాటా అడగండి."

మిగిలినవారూ ఒక్కొక్కరే ఔనన్నారు. రాజుగారు కూర్చున్నారు, సభ కూలబడింది. వాకిట్లో వేచి ఉన్న అంకాళమ్మను లోపలికి పిలిచారు. ఆమె తన పచ్చికుండల గోడు చెప్పుకుంది.

"కావచ్చు. కానీ మా తుమ్ముకు కుక్క పారిపోయిందా లేదా? అది చరిత్ర కాదా?"

"అది నా కుక్కే దొరా. దానికి చెవుడు. కూటివేళయిందని ఇంటికొచ్చింది."

రాజుగారి మీసం ముందు వణికింది, ఆ తరవాత బొజ్జ కదిలింది. నవ్వు ఆగక కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగి, తుమ్ము రాయిని పీకించారు. చినుకు పడకముందే ఆవం అంటుకుంది.

రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి ఇవ్వబోతే ఓబులయ్య వెనక్కి జరిగాడు. "దీన్ని స్మారకం చేయనని మాటిస్తేనే పుచ్చుకుంటాను ప్రభూ. లేకపోతే తాకడానికి వీలుండదు."

రాజుగారు మళ్ళీ నవ్వి, తామే అతని మెడలో వేశారు.

ఇక్కడ ఒక సంగతి కావాలనే వదిలేశాను. అడిగే పద్ధతి మారాక, ఆ పెద్దల సభ తనంతట తానుగా, పేరుపేరునా విచారించి, ఏకగ్రీవంగా మొట్టమొదట ప్రకటించిన స్మారకం ఏదో నేను చెప్పలేదు. చెబితే ఆ పెద్దలూ రాజుగారికి తీసిపోరని తేలి, ఈ కథలో నవ్వులపాలైనది రాజుగారొక్కరే అన్న మీ తృప్తి చెడిపోతుంది.