దీపం పెట్టాక అడిగిన సూది

అనగనగా, మీరూ పుట్టని, మీ అవ్వలూ పుట్టని కాలంలో, రాళ్లు కొట్టి బతికేవాళ్ల గుడిసెల మధ్య కొంరవ్వ అనే ముసలామె ఉండేది. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఉన్నదల్లా చేత్తో తిప్పే ఒక పాత కుట్టుమిషను. దాన్ని చేసినవాళ్లు ఏనాడో మట్టిలో కలిశారు. దాని సూదులు చేసేవాళ్లూ కలిశారు.

ఆ ఏడు చలి చంపేసింది. ఉత్తమాట కాదు, నిజంగానే చంపింది. గుడిసెల్లో పసిపిల్లలు ఒక్కొక్కరే రాలిపోయారు. తల్లులు పొద్దంతా రాళ్ల దగ్గరే. కొంరవ్వే పాతచీరలు అడుక్కొచ్చి బొంతలు కుట్టింది. వణికే వేళ్లతో చేతిసూది పట్టలేదు, మిషను చక్రమైతే తిప్పగలదు. పక్కగుడిసె ఎర్రక్క చంటిపిల్లకు బొంత కుడుతుంటే సగంలో సూది విరిగింది. ఇంట్లో అదే ఆఖరుది.

"ఎర్రక్కా, పిల్లను రొమ్ముకు అదుముకోని ఉండవే. సూది తెస్త" అని బయల్దేరింది.

మొదటి ఊళ్లో అడిగింది. "పాత మిషనుకు సూది ఉన్నదా బిడ్డా?" కొట్టువాడు నవ్వాడు. "తూకానికి అమ్ముకో అవ్వా!" నడిచింది.

రెండో ఊళ్లో అడిగింది. "పాత మిషనుకు సూది ఉన్నదా బిడ్డా?" మిషన్లు బాగుచేసేవాడు సూదుల డబ్బా బోర్లించాడు. పొడుగువి పెడితే విరుగుతాయి, పొట్టివి పెడితే కుట్టు పడదు. నడిచింది.

మూడో ఊళ్లో బట్టలు కుట్టే మేర శంభయ్య ఇంట్లో అచ్చం అలాంటి మిషనే ఉంది. సూదులూ ఉన్నాయి. కానీ అప్పుడే ఆయన భార్య దీపం ముట్టించింది.

"దీపం పెట్టినంక సూది గడప దాటదవ్వా. లచ్చిమి ఎల్లిపోతది. పొద్దుగాల ఇస్త" అన్నాడు శంభయ్య.

"చంటిపిల్ల పానం మీదికొచ్చింది బిడ్డా!"

"నన్నేం జెయ్యమంటవ్? తాతల కాడికెల్లి వస్తున్న పద్ధతి."

శంభయ్య చెడ్డవాడు కాడు. అన్నం పెట్టాడు. అరుగు మీద పడుకోమని గోనెపట్టా ఇచ్చాడు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకుందుం. మంచివాణ్ణి ఏమనాలి?

తెల్లారి సూది పట్టుకుని తలుపు తీశాడు. అరుగు మీద కొంరవ్వ చలికి కొయ్యబారి ఉంది.

గుండెలు బాదుకుంటూ ఆ సూదితో గుడిసెలకు పరుగెత్తాడు. కొంరవ్వ మిషనుకు ఎక్కించి, ఏడుస్తూ బొంత పూర్తిచేశాడు. దాన్ని ఎర్రక్క చేతికివ్వబోతే ఆమె పిల్లనే అతని చేతుల్లో పెట్టింది. బిగుసుకుపోయిన పిల్లను. అదే బొంతలో చుట్టి పూడ్చారు.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్లలో, దీపం పెట్టాక వచ్చి అడిగినా సూది లేదనరు. ముసలివాళ్లెవరైనా సణిగితే, ఇంట్లోంచి ఎవరో ఒకరంటారు:

"ఇచ్చెయ్యి. కొంరవ్వ అరుగు మీదున్నది."