ట్యాంకు అడుగున మడ్డి

వీరభద్రాచారి గారికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న అడిగినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని బోధ చేయరు. తాను వెళ్లే పనికి వెంటబెట్టుకు పోతారు. ఆటోనగర్‌లో మిషన్లు బాగుచేసి బతికే మనిషి దగ్గరికి మనసు బాగుచేయించుకోవడానికి జనం ఎందుకొస్తారో, ఆయన శిష్యుణ్ణయ్యాక గాని నాకు తెలియలేదు.

ఆ రోజు రత్నావళి వచ్చింది. మొగుళ్ల చేత దెబ్బలు తిన్న ఆడవాళ్లు తలదాచుకునే ఆశ్రమంలో వాళ్ల గోడు వినడం ఆవిడ పని. ఏళ్ల తరబడి సెలవన్నది ఎరగదు. కిందటి వారం కుమారి అనే పిల్ల వచ్చి ఏడిస్తే, సగం వినీ వినకుండానే "సర్దుకుపోవాలమ్మా, వెళ్లు" అనేసిందట. ఆ పిల్ల వెళ్లింది. మళ్లీ శవంగానే కనబడింది.

"ఎందరికో ధైర్యం చెప్పిన నోరు ఇది. ఆ పిల్లని అంత మాట ఎట్లా అన్నాను గురువుగారూ? ఇంక నేనీ పని చేయొచ్చా?" అంది.

ఆచారి గారు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని "రా అమ్మా" అన్నారు. నేనూ వెనకే నడిచాను.

పిచ్చయ్య షెడ్డులో లారీ గేర్లు కడిగే మిషను ఉంది. జిడ్డు గేర్లను లోపల పెట్టి మూత వేస్తే వేడి సబ్బునీళ్లు నాలుగు వైపుల నుంచీ చిమ్మికొడతాయి. ఆ నీళ్లే కింద ట్యాంకులోకి దిగి, మళ్లీ పైకెక్కి చిమ్ముతాయి. కొంతకాలంగా గేర్లు కడిగినా నల్లచారలతోనే బయటికొస్తున్నాయి.

"సబ్బు మార్చా, హీటరు మార్చా, నీళ్లు చిమ్మే నాజిళ్లు కొత్తవి ఏశా. ఇంకేం చెయ్యమంటారండీ?" అన్నాడు పిచ్చయ్య.

"నీళ్లు?"

"తగ్గినప్పుడల్లా పోస్తానే ఉన్నాం గదండీ!"

పోయడమే గాని ఖాళీ చేసింది లేదు. పనున్న రోజున మిషను ఆపే తీరిక లేదు. ఆగేది ఏడాదికొక్కసారి, ఆయుధపూజనాడు. ఆనాడు పనిముట్టు పట్టకూడదు గనక, దానికి పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కట్టి, దణ్ణం పెట్టి ఇళ్లకు పోతారు. ఏం భక్తి, ఏం భక్తి!

ఆచారి గారు ట్యాంకు అడుగు బిరడా విప్పారు. చుక్క రాలేదు. పైనుంచి నీళ్లు తోడించి చూస్తే అడుగంతా నల్లటి మడ్డి, గట్టిపడి ఉంది. గోకి గోకి ఎత్తిపోశారు. తరవాత ఒక బకెట్టు మంచినీళ్లు పోస్తే, అవి ట్యాంకులో నిలవకుండా మా కాళ్ల కిందికి వచ్చేశాయి. అడుగు రేకును తుప్పు ఎప్పుడో తినేసింది. ఇన్నాళ్లూ చిల్లులు మూసి ఉంచింది ఆ మడ్డే.

పిచ్చయ్య నెత్తి కొట్టుకున్నాడు. "నడిచే మిషన్ని చంపేశారు గదండీ!"

"నడుస్తోంది, నిజమే. కడగడం ఎప్పుడో మానేసింది," అన్నారు ఆచారి గారు.

రత్నావళి ఆ తడినేల మీదే కూలబడి "కుమారీ, కుమారీ" అంటూ ఏడ్చింది. మేమెవరమూ ఓదార్చలేదు. ఏం చెప్పి ఓదారుస్తాం? ఏది బాగుపడితే మాత్రం ఆ పిల్ల తిరిగొస్తుంది?

అంతలో ఆవిడ ఫోను మోగింది. ఆశ్రమం నుంచి. ఆవిడ కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ లేవబోయింది.

"పోనీ, ఇప్పుడే వెల్డింగు పెట్టించేద్దామండీ," అన్నాడు పిచ్చయ్య.

"తడి మీద అతుకు నిలవదు. ఆరనీ."

"మరి ఈలోగా వచ్చే గేర్లో?"

"పక్క షెడ్డుకి పంపు."

రత్నావళి మళ్లీ కూర్చుంది. ఫోను చేతిలో మోగి మోగి ఆగిపోయింది.

"ఆరితే బాగవుతుందా గురువుగారూ?" అని అడిగింది.

ఆచారి గారు ఆ తుప్పు రేకును వేళ్లతో తడిమి చూశారు.

"అతుకు పట్టేంత రేకు మిగిలిందో లేదో, ఆరాక గాని తెలియదమ్మా."