ఎర్ర బురద అంటిన కాళ్ళు

రెండు కొండల వరసల మధ్య ఒక ఎడారి లోయ ఉండేది. పొడవునా నడిస్తే మూడు రోజులు, అడ్డంగా దాటితే ఒక్క పూట. పడమటి కొండలు నల్లవి, బాగా ఎత్తు. మబ్బుల్ని తమ దగ్గరే ఆపేసుకుని లోయకు చినుకైనా విదల్చని పిసినారివి. తూర్పు కొండలు ఎర్రవి. మధ్యలో అంతా బూడిదరంగు ఇసుక. దక్షిణాన, అన్నిటికన్నా పల్లంలో, ఉప్పు పర్ర. దూరానికి చెరువులా మెరుస్తుంది. దగ్గరికెళితే పైన పెళుసు పెంకు, కింద లోతైన బురద.

ఒక వేసవిలో నల్లకొండల అవతల కార్చిచ్చు రేగి మేతంతా కాలిపోయింది. ముప్పై మేకలు కొండ దాటి ఈ లోయలోకి దిగాయి. వాటికి పెద్దదిక్కు ఈరమ్మ అనే ముసలి మేక. తోడుగా సుంకన్న అనే గాడిద. ఏళ్ళ తరబడి మూటలు మోసి మోసి సుంకన్న మెడ నేలకే వంగిపోయింది. ఆకాశం చూడడం రాని గాడిద అని మేకలు ఆటపట్టించేవి.

రెండు రోజులుగా ఎవరికీ నీళ్ళు లేవు. ఈరమ్మ కూతురు బొల్లి నిండు చూలాలు. ఉదయానికి అది ఇసుకలో కూలబడిపోయింది.

"అమ్మా, ఇంక నాతో కాదే."

"అట్ల అనొద్దు తల్లీ. నీళ్ళు ఎప్పుడూ పల్లానికే పోతాయి. మా అమ్మ నాకు నేర్పింది అదే. పల్లానికి నడుద్దాం, లెయ్."

అప్పుడే ముచ్చట్లయ్య అనే నక్క ఎదురొచ్చి వంగి దండం పెట్టింది.

"బాగా చెప్పినావు పెద్దమ్మా! అదిగో, తెల్లగా మెరుస్తాంది చూడు, చెరువు! నేను అక్కడ తాగే వస్తాండా. పాపం, ఈ బిడ్డను చూస్తే కడుపు తరుక్కుపోతాంది."

నిజానికి దాని కడుపు ఆకలితో మాడుతోంది. పర్రలో దిగబడ్డ మేకకు పరిగెత్తడం కుదరదు మరి.

మేకలన్నీ ఆశగా దక్షిణానికి తిరిగాయి. సుంకన్న మాత్రం కదల్లేదు.

"ముచ్చట్లన్నా, నేరుగా చెరువు నుంచే వస్తాండావా?"

"నేరుగా! యాడా ఆగలేదప్పా."

"తెల్ల నేల తొక్కినోడి కాళ్ళు తెల్లగుండాల కదా. నీ కాళ్ళకు ఎర్ర బురద ఉండాదే?"

నక్క ఒక కాలు తీసి ఇంకో కాలి వెనక దాచుకుంది. "అదా... నిన్నటిదిలే."

"ఈ ఎండకు నిన్నటి బురద ఎప్పుడో రాలిపోయుండును. ఇంకా తడిగా ఉండాది. ఎర్రమట్టి ఉండేది తూర్పు కొండ కిందనే కదన్నా?"

"ఆ ఎత్తులో నీళ్ళేందబ్బా! గాడిద మాట వింటే బిడ్డ చస్తాది పెద్దమ్మా, తర్వాత నన్ననొద్దు!"

ఈరమ్మ తూర్పుకు తిరిగి ఎర్రకొండల ఎత్తు చూసింది. నీళ్ళ కోసం ఎత్తుకు నడిచిన మేక వాళ్ళ వంశంలోనే లేదు. ఇప్పుడు తప్పు దారి పడితే బొల్లికి రెండోసారి నడిచే ఓపిక లేదు. ఆమె నక్క నోటి వైపు చూసింది, తర్వాత దాని కాళ్ళ వైపు చూసింది.

"అమ్మ చెప్పింది ఆ ఊరి సంగతి. ఇది వేరే నేల. తూర్పుకే పదండి," అంది.

బొల్లి సుంకన్న పక్కకు ఒరిగి అడుగులో అడుగు వేసింది. దారి పొడవునా ఈరమ్మకు భయమే. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇసుక పోయి ఎర్రమట్టి వచ్చింది. కొండ నుంచి జారిన గులకరాళ్ళ మేట ముగిసే చోట జమ్ముగడ్డి పచ్చగా కనిపించింది. దాని మొదట్లో చల్లటి ఊట! ఎప్పుడో కొండ మీద కురిసిన వాన రాళ్ళలో ఇంకి, అడుగునే నడిచి, అక్కడ పైకొస్తోంది.

బొల్లి మూతి ముంచి తాగింది. తాగి, లేచి నిలబడింది. "అమ్మా, లోపల బిడ్డ తంతాందే!" అంది. ఈరమ్మ ఊపిరి పీల్చుకుని, సిగ్గుపడకుండా ఏడ్చేసింది.

సాయంత్రానికి ముచ్చట్లయ్య నాలుక వేలాడేసుకుని వచ్చింది. ఊట చుట్టూ ముప్పై జతల కొమ్ములు!

"అమ్మా, ఒక్క గుక్క..." అని బతిమాలింది.

"మేమంతా తాగినాక రా. నీళ్ళు కాదనే పాపం నాకొద్దు. కానీ నువ్వు ఇక్కడుండగా నోరు తాగడానికే తెరవాల, మాట్లాడడానికి కాదు," అంది ఈరమ్మ.

పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకుని కూర్చోవడం నక్కకు అదే మొదలు.

నీతి: దారి చెప్పేవాడి మాటలు తీయగా ఉన్నాయని నడవకండి, వాడు ఏ దారిన వచ్చాడో చూసి నడవండి.