ఉత్తరంలో లేని మాట

ఆండాళమ్మను ఏదైనా అడిగి సూటిగా జవాబు రాబట్టినవాళ్లు ఆ మండలంలో ఎవరూ లేరు. అడిగినదాన్ని పక్కన పెట్టి ఏదో పాత సంగతి ఎత్తుకుంటుంది. అది అయిపోయాక "ఇగ పో బిడ్డా, నాకు పనున్నది" అంటుంది. అయినా సరే, పెద్ద వయసు ఆడవాళ్లకు చదువు చెప్పే అమ్మాయిలు ఎటూ తోచనప్పుడు ఆమె దగ్గరికే వస్తారు. ఆ రోజు వచ్చింది మౌనిక. ఆమె ఏడాదిపాటు చెయ్యి పట్టుకుని దిద్దించిన మల్లవ్వ, బస్సు బోర్డు చదవడం, ఫారం నింపడం వచ్చేసరికి మొహం చాటేసిందట. బజార్లో ఎదురుపడినా పలకరింపు లేదట.

"చదువు చెప్పినందుకు మనకు మిగిలేది ఇదేనా అమ్మా?" అని అడిగింది మౌనిక.

ఆండాళమ్మ భివండి ఉత్తరాల సంగతి ఎత్తుకుంది.

ముప్పై ఏళ్ల కిందటి మాట. ఊళ్లో మగ్గాలు మూలకు పడ్డాయి. మగవాళ్లు మరమగ్గాల మీద పనికని మహారాష్ట్రలోని భివండి పోయారు. ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారాలు ఈడుస్తున్నారు. ఆండాళమ్మ అప్పటికే మొగుడు పోయిన మనిషి, పిల్లాజెల్లా లేరు. ఉన్నదల్లా ఏడో తరగతి చదువూ, ఇంటి ముందు ఒక అరుగూ. రోజూ పొద్దున్నే ఎనిమిది పదిమంది ఆడవాళ్లు చాటల్లో ఆకూ తంబాకూ పెట్టుకుని ఆ అరుగు మీద చేరేవారు. ఎవరికి ఉత్తరం వచ్చినా ఆమే చదవాలి, అందరి ముందూ పైకి చదవాలి. అక్కడి ఆనవాయితీ అది. ఒకరి మొగుడి మాట పదిమంది చెవుల్లోనూ పడాల్సిందే. నిజం చెప్పుకోవాలంటే, ఆ ఉత్తరాలే లేకపోతే ఆండాళమ్మ గడప తొక్కేవాళ్లెవరు?

ఎదురింటి లసుమవ్వ భర్త పేరు అంబదాసు. అతని ఉత్తరం ఎప్పుడూ నాలుగు ముక్కలే. నేను క్షేమం, పైకప్పు పెంకులు సర్దించు, అమ్మకు మందు తెప్పించు, ఉంటాను. మిగతావాళ్ల ఉత్తరాల్లో అంతో ఇంతో తడి ఉండేది. ఒకసారి అతని ఉత్తరం చదవడం ఇట్టే అయిపోయేసరికి అరుగు మీద మిగతావాళ్ల కత్తెరలన్నీ ఆగాయి. అందరూ లసుమవ్వ మొహంలోకి చూశారు. ఆమె తల వంచుకుని ఆకు కత్తిరిస్తూనే ఉంది. ఆండాళమ్మ ప్రాణం ఉసూరుమంది. మడిచిన ఉత్తరం మళ్లీ విప్పి, అడుగున ఇంకో ముక్క ఉందంటూ, "యాళ్లకు తింటున్నవా, పానం మంచిగున్నదా" అని చదివింది.

లేని మాట అది. లసుమవ్వ మొహం విచ్చుకుంది. జవాబు రాయించేటప్పుడు, వేళకు తింటున్నానని మరీ మరీ రాయమంది. అడగని మనిషికి జవాబు పోయింది. ఒకసారి కలిపాక మానడం ఎట్లా? వచ్చిన ప్రతి ఉత్తరానికీ అడుగున ఒక మాట అతికిస్తూ ఆండాళమ్మ నాలుగేళ్లు నెట్టుకొచ్చింది.

అప్పుడు ఊళ్లోకి వయోజన విద్య వచ్చింది. చదువు చెప్పే పని ఆండాళమ్మకే అప్పగించారు. అందరికన్నా ముందు పలక పట్టుకుని వచ్చింది లసుమవ్వే. ఆయన ఉత్తరం ఇక నేనే చదువుకుంటానంది. నేర్పితే ఆండాళమ్మ అబద్ధం బయటపడుతుంది. నేర్పకపోతే, నమ్మిన మనిషిని రెండోసారి మోసం చేసినట్టు. ఒక పక్షం రోజులు ఆమెను మొదటి అక్షరాల దగ్గరే తిప్పింది కూడా. ఆ సంగతి మౌనిక దగ్గర దాచలేదు. ఆ తరువాత తన మీద తనకే రోత పుట్టి, పాఠం ముందుకు జరిపింది.

ఎనిమిది నెలలకు ఒక మధ్యాహ్నం లసుమవ్వ ఒక్కతే వచ్చింది. కొంగులోంచి ఉత్తరాల కట్ట తీసి, ఒకటి విప్పి, వేలు జరుపుతూ చివరిదాకా చదివింది. ఎక్కడా తప్పు పోలేదు.

"ఆ తినుడు మాట ఏడుందక్కా? ఎంత ఎతికినా దొర్కుతలేదు. నాకే చదువు సరిగ రాలేదేమో. ఇంకొన్ని దినాలు చెప్తవా?"

తప్పించుకునే దారి ఆమే చూపించింది. అవునే, ఇంకా కొన్ని పాఠాలున్నాయి అంటే చాలు, అరుగూ నిలుస్తుంది, ఆమె స్నేహమూ నిలుస్తుంది. ఆ మాట ఆండాళమ్మ నాలుక చివరిదాకా వచ్చింది.

"నీకు మంచిగనే వచ్చింది లసుమా. ఆ మాట అండ్ల లేదు. నేనే కలిపిన," అంది.

"అన్నిట్లనా?"

"అన్నిట్ల."

లసుమవ్వ ఏడవలేదు, తిట్టలేదు. ఉత్తరాలు ఒక్కొక్కటే మడిచి, కట్ట కట్టుకుని వెళ్లిపోయింది. మరునాటి నుంచి తన ఇంట్లోనే కూర్చుని బీడీలు చుట్టుకుంది. ఆండాళమ్మే ఒకసారి వెళ్లింది. లసుమవ్వ పీట వేసింది, మంచినీళ్లిచ్చింది, మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు. మాటే లేదు. నాలుగు తిట్టినా బాగుండునని ఆండాళమ్మ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. మిగతావాళ్లకూ చదువు వచ్చింది. ఎవరి ఉత్తరం వాళ్లు తలుపు చాటున చదువుకోసాగారు. ఏడాది తిరిగేసరికి అరుగు మీద ఆండాళమ్మ ఒక్కతే మిగిలింది. మనిషి గొంతు వినబడక, పొద్దు పోక, నీళ్ల బిందె కడిగిందే కడిగేదట.

లసుమవ్వ తన చేత్తో రాసిన ఉత్తరం డబ్బాలో వేసిందని పోస్టుమ్యాన్ చెప్పాడు. నెలకు జవాబు వచ్చింది. ఎదురింటి గడపలో నిలబడి ఆమె దాన్ని చదువుకోవడం ఆండాళమ్మ అరుగు మీది నుంచి చూసింది. మొహం అటు తిరిగి ఉంది. ఒకసారి చదివింది, మళ్లీ మొదటి నుంచి చదివింది. మడిచి రైకలో దోపుకుని, లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఆండాళమ్మ అక్కడితో ఆపేసింది. మౌనిక ఉండబట్టలేకపోయింది. అంబదాసు ఈసారైనా ఆ మాట రాశాడా లేదా అని అడిగింది.

"నాకేం ఎరుక బిడ్డా," అంది ఆండాళమ్మ. "నాకు ఎరుకైతే, ఆమెకు చదువు రానట్టే గద."